ఫార్మాట్ కొట్టకండి

మాది సీతంపేట కొండల్లో ఒక బడి. పిల్లలు ఎక్కువమంది సవరలు. అక్కడ పనిచేసే మా ఇద్దరు మాస్టర్లమూ సవరలమే. కొన్నేళ్ళుగా ఊరూరా తిరిగి పెద్దల మాటలు ఫోన్‌లో రికార్డు చేస్తున్నాం. కందికొత్తల పండుగ ముచ్చట్లు, పోడులో చల్లే విత్తనాల పేర్లు, కథలు, పాటలు. మన భాషలో గొంతు దగ్గర టక్కున ఆపి పలికే శబ్దం ఒకటుంది. తెలుగు అక్షరాల్లో అది సరిగ్గా కుదరదు, చెవితో వినే నేర్చుకోవాలి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి మన భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర భాషా పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1936లో మంగయ్ గొమాంగో మన భాషకు లిపి చేశారు. గొంతులను దాచే పని మాత్రం మనకు మిగిలింది.

ఆ రికార్డింగుల కోసం పాత కంప్యూటర్‌లో డెబియన్ లినక్స్ వేసి సర్వర్‌గా పెట్టుకున్నాం. ఇంటర్నెట్ లేకపోయినా పిల్లలు వై-ఫై మీద ట్యాబుల్లో వింటారు. పాటలు, కథలు అన్నీ దానికి తగిలించిన ఒక పెద్ద డిస్కులో ఉన్నాయి. రెండో కాపీ లేదు. అది మా తప్పే.

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచి సర్వర్ ఆన్ చేశాం. ఒకటిన్నర నిమిషం అలాగే నిలబడిపోయింది. తర్వాత నల్లటి తెర మీద ‘ఎమర్జెన్సీ మోడ్’ అని వచ్చి రూట్ పాస్‌వర్డ్ అడిగింది. వెనకాల నిలబడ్డ ఆరో తరగతి పిల్లవాడు, ‘మా మామ్మ పాట పోయిందా మాస్టారూ?’ అన్నాడు. వాళ్ళ మామ్మ ఆ మాఘమాసంలోనే చనిపోయింది. మాకు జవాబు రాలేదు.

పట్నంలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడికి ఫోన్ చేస్తే, ‘ఫార్మాట్ కొట్టీస్తే అయిపోద్ది మాస్టారూ’ అన్నాడు. అతనికి మెషీన్ నడిస్తే చాలు. మాకు కావలసింది లోపల ఉన్నది. మా బడిలోనే చదివి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్న అమ్మాయి గుర్తొచ్చింది. బడి దగ్గర సిగ్నల్ రాదు. గట్టెక్కి చింతచెట్టు దగ్గర నిలబడి ఫోన్ చేశాం.

‘దేన్నీ చెరపొద్దు మాస్టారూ. తెర మీద ఏముందో ఒక్కో అక్షరం రాసుకుని రండి’ అంది.

మేము పిల్లలకు రోజూ చెప్పే మాటే అది: ముందు చదవండి. దిగి వెళ్ళాం. పాస్‌వర్డ్ కొట్టి, ఆమె చెప్పినట్టు జర్నల్‌సీటీఎల్‌తో ఆ రోజు లాగ్ తెరిచాం. ‘ఎస్‌డీసీ1 కోసం ఎదురుచూశాం, రాలేదు’ అనే అర్థంతో ఒక వాక్యం ఎర్రగా ఉంది. మళ్ళీ ఎక్కి చదివి వినిపించాం. ఎల్, ఎస్, బి, ఎల్, కె అక్షరాలు కలిపి రాసి, పక్కన హైఫన్ ఎఫ్ పెట్టమంది. దిగి ఆ ఆదేశం ఇస్తే డిస్కు కనిపించింది. కానీ దాని పేరు ఎస్‌డీబీ1 అని ఉంది.

అప్పుడు అర్థమైంది. మొదట సర్వర్ సిద్ధం చేసినప్పుడు వెనక ఒక పెన్‌డ్రైవ్ కూడా ఉండేది. అది ఎస్‌డీబీ, మా డిస్కు ఎస్‌డీసీ. సెలవుల్లో శిక్షణ తరగతులకు ఆ పెన్‌డ్రైవ్ మేమే పీకి పట్టుకెళ్ళాం. దాంతో డిస్కు పేరు ఒక మెట్టు ముందుకు జరిగింది. ఈ పేర్లు మెషీన్ గుర్తుపట్టే వరుసను బట్టి మారుతుంటాయి. మేమేమో ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో పాత పేరే రాసి ఉంచాం.

మారకుండా ఉండేది యూయూఐడీ. ఫార్మాట్ చేయడం లాంటిదేదైనా మనమే కావాలని చేస్తే తప్ప అది మారదు. ముందు ఎఫ్ఎస్‌ట్యాబ్‌కు ఒక నకలు తీశాం. ఒకరం చదువుతుంటే ఒకరం కొట్టి, ఎస్‌డీసీ1 అన్నచోట ఆ 36 గుర్తుల యూయూఐడీ పెట్టాం. పక్కన ‘నోఫెయిల్’ చేర్చాం. అదుంటే డిస్కు రాకపోయినా సర్వర్ ఆగిపోదు. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, ఆపైన మౌంట్ హైఫన్ ఏ. తప్పు చూపలేదు. రీబూట్ చేశాం. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. ఆ పిల్లవాడు ట్యాబు చెవికి ఆనించుకుని వాళ్ళ మామ్మ పాట మూడుసార్లు విన్నాడు.

ఇలాంటి బడుల్లో పనిచేసే తోటి టీచర్లకు రెండు మూడు మాటలు. నోఫెయిల్ పెట్టాక ఒక జాగ్రత్త ఉంది. డిస్కు తగలకపోయినా ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. కొత్త రికార్డింగులు అందులో వేస్తే అవి సిస్టమ్ డిస్కులోకి పోతాయి. అందుకే రోజూ పొద్దున్నే ఫైండ్‌మౌంట్ కొట్టి చూస్తున్నాం. డిస్కులో లోపం ఉందనిపిస్తే ఎఫ్ఎస్‌సీకే నడపొచ్చు, అదీ డిస్కు మౌంట్ కానప్పుడే. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే ఏ మరమ్మతూ మొదలుపెట్టకుండా కట్టేసి, కాపీ తీయడం తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇప్పుడు మా దగ్గర రెండు కాపీలున్నాయి. రెండోది పక్క ఊరి బడి బీరువాలో పెట్టాం. దసరా సెలవులకు ఆ అమ్మాయి వచ్చి ఎనిమిదో తరగతి పిల్లలకు ఇదంతా నేర్పింది. చదువుకుంటున్న మన పిల్లలు ఈ పని కూడా నేర్చుకోవాలి. మన మామ్మల గొంతులున్న డిస్కును చెరపాలో వద్దో పట్నంలో ఎవరో చెప్పే దాకా మనం ఎదురుచూడకూడదు.