రుషికొండ నుండి భీమిలి దాకా

మొన్నటి పుష్యమాసంలో ఒక శని, ఆదివారాలు చిన్ననాటి మిత్రునితో కలిసి రుషికొండ నుండి భీమునిపట్నం వరకు సముద్రపుటొడ్డునే నడిచాను. బస్సెక్కితే గంట పట్టని దూరం. మాకు రెండు రోజులు పట్టింది. తప్పు మోకాళ్ళదో, కబుర్లదో చెప్పలేను.

తొలినాడు తొట్లకొండ ఎక్కాము. 1988 నుండి 1993 వరకు సాగిన తవ్వకాలలో బయటపడిన బౌద్ధారామం అది. నీటికోసం భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లవల్లనే ఆ పేరు. అంత సముద్రాన్ని ఎదుట పెట్టుకుని కళ్ళు మూసుకుని ధ్యానం ఎలా చేశారో! రాత్రికి మంగమారిపేటలో తెలిసినవారింట తలదాచుకున్నాము.

మర్నాడు ఎర్రమట్టి దిబ్బలు. మట్టి అంటాము గాని, అది ఇసుకే. గాలి పోగుచేసింది, ఇనుము రంగు పూసింది, వాననీరు గండ్లుగా కోసింది. ఆ గండ్లలో దారి తప్పి గంటసేపు తిరిగాము. లోపలికి వెళ్ళినకొద్దీ కెరటాల హోరు సన్నగిల్లింది. మూడేళ్ళుగా మోస్తున్న మాట అక్కడ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు నేను వెళ్ళలేదు. నాకు ఈత నేర్పినవారాయన. సెలవు దొరకలేదన్నాను. నిజానికి అడగనే లేదు.

గోస్తనీ సంగమం చేరేసరికి పొద్దు వాలింది.

"నాన్నని ఇక్కడే కలిపానురా" అన్నాడు.

అప్పుడు చెప్పాను, సెలవు సంగతి. నీళ్ళకేసి చూస్తూనే అన్నాడు: "తెలుసు. ఆ రోజే మీ ఆఫీసుకి ఫోను చేశాను."

బూట్లలోని ఎర్రటి ఇసుక దులుపుకుని, ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాము.