ఫ్లాపుల్లో ఉన్న కెమేరాకి అభిమానిని!

వరసగా నాలుగు సినిమాలు పోయిన హీరోకి అభిమానిగా ఉండటం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. కాలేజీ క్యాంటీన్లో అవతలి హీరో మనుషులు మనల్ని చూసి ముసిముసిగా నవ్వుతుంటారు. "ఈసారి చూడండ్రా, మావాడు ఇరగదీస్తాడు" అని మనం పందెం కాస్తాం. శుక్రవారం మార్నింగ్ షో వదిలేసరికి తల దించుకుని బైకు స్టాండు వైపు నడుస్తాం. అయినా పోస్టరు చింపం. కనీసం మన చేత్తో చింపం! నా సంగతి ఇంకాస్త విచిత్రం. నేను ఫ్లాపుల్లో ఉన్న ఒక కెమేరాకి అభిమానిని. పేరు పెంటాక్స్.

"అదేం కంపెనీ అన్నా?" అని ఇప్పటి కుర్రాళ్లు అడుగుతుంటారు. ఒకప్పుడు అది సిల్వర్ జూబిలీ హీరో, తమ్ముళ్లూ! 1919లో టోక్యోలో లెన్సులు చేసుకునే చిన్న సంస్థగా మొదలైంది. పేరు అసాహి. జపాన్‌లో తయారైన మొట్టమొదటి 35 ఎం.ఎం. సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమేరా, 1952లో, వాళ్లదే. ఆ రకం కెమేరాలో లెన్సు వెనక ఒక అద్దం ఉంటుంది. బటన్ నొక్కితే పైకి లేస్తుంది. ఆ రోజుల్లో చాలా కెమేరాల్లో లేచింది లేచినట్టే ఉండేది. మళ్లీ రీలు తిప్పేదాకా కంటి ముందు చీకటే. రెప్పపాటులో కిందికి దిగిపోయే అద్దాన్ని వీళ్లు 1954లో తమ కెమేరాలో పెట్టారు. ఈ అద్దం సంగతి గుర్తుంచుకోండి, దీంతో మళ్లీ పని ఉంది.

ఇక 1976లో వచ్చిన కె-1000 గురించి ఎంత చెప్పినా తక్కువే. 1997 దాకా, అంటే 21 ఏళ్లు, అదే మోడలు తయారవుతూ వచ్చింది. అంతా గేర్లూ స్ప్రింగులే. బ్యాటరీ ఒక్క లైట్ మీటరుకే. అది అయిపోయినా షట్టరు మాత్రం టకటకా పడుతూనే ఉంటుంది. ఫోటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకి అది పెద్ద బాలశిక్ష లాంటిది.

మా ఇంటికి అది 1984లో వచ్చింది. మాది మంత్రాలయం. మా నాయన తుంగభద్ర ఒడ్డున యాత్రికులకి ఫోటోలు తీసేవాడు. స్నానం చేసి తడి పంచెలతో మెట్లెక్కే కుటుంబాన్ని నిలబెట్టి, ఒక ఫోటో తీసి, అడ్వాన్సు తీసుకుని, అడ్రసు రాసుకుని, ప్రింటు పోస్టులో పంపించటం ఆయన వృత్తి. అంతకు ముందు ఆయన చేతిలో ఉన్నది ఆగ్ఫా క్లిక్-3, మన దేశంలోనే తయారైన డబ్బా కెమేరా. రోలుకి పన్నెండే ఫోటోలు. మద్రాసు బర్మా బజారులో సెకండ్ హ్యాండు కె-1000 కొనుక్కొచ్చాక రోలుకి ముప్పయ్యారు! మరుసటి ఏడాదే, 1985లో, రజనీకాంత్ నూరో సినిమా 'శ్రీ రాఘవేంద్రర్' వచ్చింది. ఆ తర్వాత తన పుస్తకంలో తమిళనాడు అడ్రసులు ఎక్కువయ్యాయని మా నాయన ఇప్పటికీ చెప్తుంటాడు. ఆయన లెక్క ఆయనది. కన్నడం వాళ్లు మాత్రం అంతకు చాలా ముందే, 1966లో రాజ్‌కుమార్ 'మంత్రాలయ మహాత్మె' నాటికే వస్తున్నవాళ్లు.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర ఊళ్లోకే వచ్చేసింది. ఆ వరద గురించి మీరూ పేపర్లలో చదివే ఉంటారు. నీళ్లు తీశాక మా కె-1000 షాపులో బురద ముద్దగా దొరికింది. మిగిలింది ఒక్క 50 ఎం.ఎం. లెన్సు. ఏదో పెళ్లి ఫోటోలకని ఆదోనికి వెళ్లి, అక్కడే మా అక్క ఇంట్లో ఉండిపోవటంతో బతికింది.

నేను డిజిటల్ కొనాల్సి వచ్చినప్పుడు ఆ లెన్సే నా చేత పెంటాక్స్ కొనిపించింది. 1975లో వాళ్లు పెట్టిన కె-మౌంటుని ఇవాళ్టి దాకా వదల్లేదు. నలభై ఏళ్ల నాటి లెన్సుని తీసుకెళ్లి వాళ్ల డిజిటల్ బాడీకి తిప్పితే టక్కున కూర్చుంటుంది. నేను కొన్నది కె-ఎక్స్. దాంట్లో ఇంకో సుఖం ఏమిటంటే, నాలుగు మామూలు పెన్సిల్ సెల్లులు వేస్తే చాలు. కరెంటు పోయినా, ఛార్జరు మర్చిపోయినా, ఎదురుగా కిరాణా కొట్టు ఉంటే మన షూటింగు ఆగదు. మంత్రాలయంలో ఏ సందులో చూసినా కిరాణా కొట్టు ఉంది!

కానీ మావాడి మార్కెట్టు అప్పటికే దిగిపోతోంది. కంపెనీ 2008లో హోయా చేతికి పోయింది. 2011లో రికో చేతికి వచ్చింది. అదే 2011లో రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా'ని కేనన్ 5డి కెమేరాలతో ఐదు రోజుల్లో తీసేశాడు. దాంతో మా చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్ కుర్రాళ్లందరికీ 5డి పిచ్చి పట్టింది. పెంటాక్స్ పేరెత్తినవాడు ఒక్కడు లేడు. తర్వాత అందరూ అద్దం తీసేసిన మిర్రర్‌లెస్ కెమేరాల వైపు పరుగెత్తారు. పెంటాక్స్ మాత్రం అద్దాన్ని వదలనంటూ భీష్మించింది. 2024లో రీ-ఎంట్రీ సినిమాలాగా ఏం వదిలిందో తెలుసా? ఫిల్మ్ కెమేరా! 36 ఫోటోల రోలులో 72 సగం ఫోటోలు తీసే పెంటాక్స్ 17. ఆ సాహసానికి ఈల వేశాను. కొనలేదు.

మా బావకి ఆదోనిలో స్టూడియో ఉంది. సోనీ మనిషి. ఆయన నా మీద పడటం ఎప్పుడూ ఒకే రకంగా ఉంటుంది.

"ఏందప్పా, ఇంకా దాన్నే పట్టుకుని యాలాడుతాండావా?"

"మంచి కంపెనీ బావా."

"మా నాయనది మినోల్టా. అదీ మంచి కంపెనీనే. 2006లో కెమేరాల యాపారం సోనీకి అప్పజెప్పి ఎల్లిపోయింది. పోయేముందు మా నాయనకి ఒక కార్డు ముక్కన్నా రాసిందా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. యాషికా తీసే సంస్థ 2005లో కెమేరాలు మానుకుంది. ఒలింపస్ తన కెమేరాల విభాగాన్ని అమ్మేసి 2021 మొదటికల్లా చేతులు దులుపుకుంది. ఫ్లాపుల్లో ఉన్న హీరోకి ఒక్క శుక్రవారం కలిసొస్తే చాలు, కటౌట్లు లేస్తాయి. కెమేరా కంపెనీకి అలా కుదరదు. అది చిక్కిపోతుంటే విడిభాగాలు దొరకవు, రిపేరు చేసేవాడు ఆ పని మరిచిపోతాడు, పాత సామాను అడిగేవాడుండడు.

ఇదంతా భరించవచ్చు. తేలింది వేరే చోట. పోయిన మాఘంలో ఒక పెళ్లికి బావా నేనూ కలిసి పనిచేశాం. తెల్లవారుజాము ముహూర్తం, గుడ్డి వెలుతురు. తలంబ్రాలప్పుడు ఆయన కెమేరా పెళ్లికూతురి కన్ను పట్టుకుని వదల్లేదు. నాది ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ నడిచింది. ఆల్బంకి ఫోటోలు ఏరుకున్నప్పుడు అమ్మాయి వాళ్లు ఎక్కువగా తీసుకున్నవి బావవే. నావి ఒకటి రెండు వాళ్ల అమ్మకి బాగా నచ్చాయి, అది వేరే సంగతి. ఆ రాత్రి బస్సులో నాకు తోచిందేమంటే, నేను అభిమానిని కనుక నా టికెట్టు నేను కొనుక్కోవాలి. పెళ్లికూతురి చేత కొనిపించటమేమిటి?

అయినా ఆ లెన్సు పక్కన పడేయటానికి మనసొప్పలేదు. ఇక్కడే సినిమావాళ్లు ఆదుకున్నారు. ఆరీ, పానావిజన్, ఆటన్ కొత్త ఫిల్మ్ కెమేరాల తయారీ ఆపేశాయని 2011లో వార్త వచ్చింది. కెమేరామెన్ అంతా డిజిటల్‌కి వెళ్లారు. కానీ వాళ్లలో చాలామంది ఆరీ అలెక్సా మీద ఎప్పటివో పాత కుక్ లెన్సులు బిగించి తీస్తుంటారు. మొహాలు మెత్తగా వస్తాయని వాళ్లకి ఆ గాజు మీద మోజు. బాడీ మారుతుంది, గాజు ఉంటుంది. మరి నేను చేస్తే తప్పా?

ఇప్పుడు అద్దం దగ్గరికి వద్దాం. అద్దం ఆడటానికి చోటు కావాలి కనుక పెంటాక్స్‌లో లెన్సుకీ ఫిల్ముకీ మధ్య 45 మిల్లీమీటర్లకి పైన దూరం ఉంటుంది. అద్దం లేని కెమేరాల్లో చాలావాటికి అది 20 దాటదు. మిగిలిన ఖాళీలో ఒక లోహపు రింగు పెడితే పాత లెన్సు హాయిగా కూర్చుంటుంది. ఆ రింగునే అడాప్టరు అంటున్నారు. ఆటో ఫోకస్ పనిచేయదు. మా నాయన లెన్సుకి అది పుట్టుకతోనే లేదు, పోయేదేముంది! ఏ అద్దంతో పెంటాక్స్ పేరు తెచ్చుకుందో, ఆ అద్దం పోవటం వల్లే దాని లెన్సు ఇంకో ఇంటికి కోడలిగా వెళ్లగలిగింది. దీనికి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

బావ కొత్తది తీసుకుంటూ తన పాత సోనీని నాకు ఇస్తానన్నాడు. డబ్బులు మూడు వాయిదాల్లో. ఒప్పుకున్నాను. కె-ఎక్స్‌లో ఆ 50 లెన్సు దాదాపు 75 లెన్సులా దగ్గరికి లాగేది. ఈ పెద్ద సెన్సారు బాడీ మీద దాని అసలు చూపు మళ్లీ వచ్చింది. ఘాటు మెట్ల మీద ఒక బళ్లారి కుటుంబాన్ని, నాయన నిలబడే దూరంలోనే నిలబడి తీశాను. తెర మీద చూసుకుంటే ఎండలో సగం కనపడలేదు. ఆ విషయంలో పాత అద్దమే నయం, సందేహం లేదు. ఇంటికొచ్చి మా నాయనకి చూపించాను. కళ్లజోడు సవరించుకుని, బాడీ అటూ ఇటూ తిప్పి, లెన్సుని గోటితో గీకి చూశాడు.

"రేటెంతరా?"

చెప్పాను.

"ఇంకా తగ్గించి అడగాల్సింది" అన్నాడు. అంతే! క్లిక్-3ని పక్కన పెట్టిన రోజు కూడా ఆయన ఇలాగే ఉండి ఉంటాడు.

కె-ఎక్స్‌ని అమ్మితే ఏమొస్తుందో వాకబు చేశాను. చెప్పుకునేంత రాదు. బీరువాలో పెడదామనుకుంటుండగా అక్క కూతురు ఫోను చేసింది. "మామా, మా కాలేజీలో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం, ఆ పాత కెమేరాలో వీడియో వస్తుందా?" అని. వస్తుంది, కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలని చెప్పాను. "పర్వాలేదు మామా" అంది. ఆదివారం వచ్చేటప్పుడు నాలుగు సెల్లులు కొనుక్కురమ్మన్నాను.