దూరమునున్న గురువు, దగ్గరనున్న తోడు



కుమ్మరి కొడుకు తండ్రి ప్రక్కన కూర్చుండి సారె త్రిప్పుట నేర్చుకొనును. క్రొత్త కోడలు అత్తగారి ప్రక్కన నిలిచి గంజి వార్చుట నేర్చుకొనును. చేతిపని ఏదైనను ఇట్లు దగ్గరనుండి నేర్చుకొనవలసినదే. నర్సుపనియు అట్టిదే. నా శిక్షణ దినములలో ట్యూటరమ్మగారు నా వ్రేళ్లను పట్టుకొని రోగి మణికట్టుమీద పెట్టి నాడి చూపించిరి. ఎదుట లేని గురువు అట్టి పనిని నేర్పగలడా? ఈ ప్రశ్న 2020వ సంవత్సరములో మా యెదుటికి వచ్చెను.

ఆ సంవత్సరము మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారియని ప్రకటించెను. మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌన్ మొదలాయెను. బస్సులు, రైళ్లు నిలిచిపోయెను. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏండ్లు నిండుచున్నందున దానికి నర్సుల సంవత్సరమని ముందుగానే పేరు పెట్టియుండిరి. సన్మానములు జరుగవలసిన ఏట మాకు పరీక్ష వచ్చెను.

మాది చిన్న ఆసుపత్రి. కాన్పులు, జ్వరములు, పాముకాట్లు చూచుటకు అలవాటుపడినవారము. ఊపిరాడని రోగులు ఒకరి వెంట ఒకరు వచ్చినయెడల ఏమి చేయవలెనో మాలో అనేకులకు తెలియదు. తెలిసినవారు పట్టణములలో ఉండిరి. వారు రాలేరు, మేము పోలేము. ఏప్రిల్ నెలలో కేంద్ర ప్రభుత్వము దీక్షా అను వేదికమీద వైద్యసిబ్బంది కొరకు ఆన్‌లైన్ పాఠములు ఉంచెను. పెద్ద ఆసుపత్రులవారు కొందరు ఫోనులోనే తరగతులు చెప్పిరి. మేము డ్యూటీ దిగి, ఎడమెడముగా కూర్చుండి వింటిమి. సిగ్నలు కొరకు డాబా ఎక్కిన రాత్రులు కలవు.

ఆ పాఠములవలన మాకు మిగుల మేలు కలిగెను. సబ్బుతో చేతులు 40 నుండి 60 సెకనులు కడుగుకొనవలెనని, రోగి శ్వాసను పూర్తిగా ఒక నిమిషము లెక్కించవలెనని చెప్పిరి. కొందరు చక్కగా మాటలాడుచునే యుందురు; అయినను వ్రేలికి తగిలించిన ఆక్సీమీటరు 94 కంటె తక్కువ చూపినయెడల అది హెచ్చరికయని గుర్తింపవలెను. వ్రేళ్లు చల్లబడియున్నను, గోళ్లకు రంగున్నను ఆ అంకె తప్పవచ్చును; కాబట్టి యంత్రముతోపాటు మనిషినికూడ చూడవలెను. సిలిండరు లెక్కయు అట్లే నేర్చుకొంటిమి. నిండుగానున్న పెద్ద సిలిండరులో సుమారు 7000 లీటర్ల ఆక్సిజన్ ఉండును. నిమిషమునకు 10 లీటర్లు పోయినయెడల అది 700 నిమిషములు, అనగా పదకొండు గంటల నలువది నిమిషములు వచ్చును. 2021 ఏప్రిల్, మే నెలలలో ఆక్సిజన్ కొరతతో దేశము అల్లాడినప్పుడు ఈ చిన్న గుణకారమును మేము పూటపూటకు చేసితిమి.

గుండె ఆగినవాని రొమ్మును నొక్కుట నేర్పవలసిన దినము వచ్చెను. నిమిషమునకు 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తక్కువ కాకుండ, 6 సెంటీమీటర్లు దాటకుండ నొక్కవలెను. నొక్కిన ప్రతిసారి రొమ్మును పూర్తిగా పైకి లేవనీయవలెను. మేము పరుపును గట్టిగా చుట్టి, దానిమీద అభ్యాసము చేసితిమి. మాలో చిన్నదైన ఒక నర్సు రొప్పుచు, “మేడమ్, ఈ లోతు చాలునా?” అని ఫోనును అడిగెను. అవతలనున్న ఆమె, “అమ్మా, ఇక్కడినుండి నాకు తెలియదు. నీ ప్రక్కనున్న అక్కను అడుగు” అని చెప్పెను.

ఆ మాటతో మా పద్ధతి మారెను. ఇద్దరిద్దరముగా జతపడితిమి. ఒకరు చేయగా మరియొకరు కాగితము పట్టుకొని వరుస చదువుచు, తప్పినచోట ఆపుచుండిరి. రక్షణ దుస్తులు విప్పునప్పుడు ఇది మరింత అవసరము. అంటు సోకు అపాయము తొడుగునప్పటికంటె విప్పునప్పుడే ఎక్కువ. పైన మురికియైన గ్లౌజు, గౌను, కళ్లజోడు, మాస్కు — ప్రతిదానికి వరుస కలదు. నడుమ నడుమ చేతులు శుభ్రము చేసికొనవలెను.

2021 మే నెలలో ఒక రాత్రి, నడివయస్సు రైతు ఒకనికి మా వార్డులోనే గుండె ఆగెను. ఇద్దరు నర్సులు రెండు నిమిషములకొకరు చొప్పున చేతులు మార్చుచు నొక్కిరి. వారు నేర్చుకొన్నదానిలో ఏమియు తప్పలేదు. అయినను అతడు బ్రదుకలేదు. బయటికి వచ్చి దుస్తులు విప్పుచుండగా చిన్నదానికి దుఃఖము ఆగక, కన్నులు తుడుచుకొనుటకు గ్లౌజు చేయి ఎత్తెను. ప్రక్కనున్న ఆమె వెంటనే, “ఆగు చెల్లీ, ముందు చేతులు. తరువాత ఏడ్చుదువుగాని” అనెను. ఆ చేయి దిగెను. వరుస ప్రకారము అన్నియు విప్పి, చేతులు కడుగుకొని, తరువాత ఇద్దరును కూర్చుండి ఏడ్చిరి. వారిలో ఎవరికిని అంటు సోకలేదు. మరునాడు వారే మరియొక రోగిని బోర్ల పరుండబెట్టి, ఆక్సిజన్ పెట్టి కాపాడుకొనిరి.

చదువరులారా, దూరమునుండి నేర్పుట క్రొత్తది కాదు. పౌలు సంఘములకు పత్రికలు వ్రాసెను. నైటింగేల్ 1872 మొదలుకొని 1900 వరకు తన శిక్షణాలయపు నర్సులకు ఉత్తరములు వ్రాయుచుండెను. అయితే ఉత్తరము చేయి పట్టుకొనదు. అది అందినచోట ఒకరు చదువవలెను, ఒకరు చేయవలెను, ఒకరు ప్రేమతో సరిచూడవలెను. ఫోను పాఠమునకును ఇదే నియమము.

కాబట్టి మీ గ్రామములో నర్సు ఉన్నయెడల ఒక సాయంత్రము ఆమెను పిలిచి, 108 అంబులెన్సు వచ్చువరకు గుండె ఆగినవానికి ఏమి చేయవలెనో నేర్చుకొనుడి. ఫోనులో చూచితిమి గదా యని తృప్తిపడకుడి. చుట్టిన పరుపుమీద మీ చేతులు పెట్టుడి. మీ ప్రక్కన ఒకరిని నిలుపుకొని, తప్పినచోట చెప్పుమని అడుగుడి. వారు చెప్పినప్పుడు నొచ్చుకొనకుడి.