బనావే మళ్ల వయసెంత?

ఫిలిప్పీన్స్‌లోని లుజోన్ దీవి ఉత్తర భాగాన, ఇఫుగావో కొండల్లో ఉన్న బనావే పేరెత్తగానే వినిపించేది రెండు వేల ఏళ్ల లెక్క. మెట్లు మెట్లుగా దిగే ఆ వరిమళ్లకు అంత వయసు కట్టింది గత శతాబ్దపు తొలి దశకాల్లో అక్కడ పనిచేసిన అమెరికన్ పరిశోధకులు రాయ్ బార్టన్, ఆట్లీ బేయర్. ఇన్ని గట్లు కట్టాలంటే ఎన్ని తరాలు పట్టి ఉంటుందోనని వేసిన అంచనా అది. తర్వాత పురావస్తు పరిశోధకుడు స్టీఫెన్ అకబాడో బృందం అదే కొండల్లోని పాత కియాంగన్ గ్రామంలో తవ్వి చూస్తే, మొదట్లో అక్కడ పండింది చేమ అనీ, నీళ్లు నిలిపి వరి వేయడం స్పెయిన్‌వాళ్లు లుజోన్‌కు వచ్చాకే, సుమారు 400 ఏళ్ల కిందటే పుంజుకుందనీ తేలింది. మైదానంలో పరాయి పెత్తనం బిగుస్తుంటే కొండెక్కినవాళ్లు ఒకచోట కూడి, నీళ్లు పంచుకుని, తమ తిండి తామే పండించుకున్నారు. బనావేను పురాతన వింతగా కాక, లొంగనివాళ్లు కట్టుకున్న ఊరిగా చూడడమే న్యాయం.

ఒక్క ఊరి తవ్వకంతో కొండలన్నిటి చరిత్రా తేలుతుందా అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. అయితే బనావేలోని బోకోస్ మళ్ల కాలనిర్ణయం కూడా ఇటే మొగ్గింది. వయసు తగ్గితే విలువ తగ్గుతుందన్న బెంగ మాత్రం నాకు అర్థం కాదు. కొన్ని తరాల్లోనే కొండలను మళ్లుగా మలిచారంటే ఆ శ్రమ మరింత గొప్పది కదా!

పైగా ఈ మళ్లు ఒకసారి కట్టి వదిలేసినవి కావు. మళ్లకు పైన, కుటుంబాల సొంతమైన ముయోంగ్ అనే అడవి వాననీటిని పట్టి ఊటగా వదులుతుంది. ఆ నీరు కాలువల్లో మడి నుంచి మడికి దిగుతుంది. ఏడాదికి ఒక్కసారే పండే తినవోన్ వరికి మడి ఎండకూడదు, గట్టు జారకూడదు. బటాడ్ గ్రామంలో రాతిగోడలు, చాలాచోట్ల మట్టిగట్లు. పెద్ద వానపాములు తొలిస్తే నీరు కారి గట్టు కూలుతుంది. యునెస్కో 1995లో బటాడ్, బంగాన్ సహా ఐదు మళ్ల సముదాయాలను వారసత్వ జాబితాలో చేర్చింది. పట్టించుకునేవాళ్లు తగ్గడంతో 2001లో ప్రమాద జాబితాలో పెట్టింది, 2012లో తీసింది. పర్యాటకమే మళ్లను బతికిస్తోందనేవాళ్ల మాటలో సగమే నిజం. డబ్బు వస్తోంది, కానీ గట్టు పనికన్నా వసతి గృహంలో పనే మెరుగైన కూలి ఇస్తోంది. పూర్వాచారం ప్రకారం మడి పెద్దబిడ్డకే దక్కుతుంది, చిన్నవాళ్లు పట్నం బాట పడతారు. మళ్లను చూడడానికి వచ్చే డబ్బులో తొలి వాటా, గట్టు కట్టే చేతులకే కూలిగా చేరాలి.