వదినగారి ఆవకాయ, నా పీహెచ్‌పీ

పెళ్ళికి ముందు కంప్యూటర్స్ చదివి, తర్వాత పదేళ్ళో పదిహేనేళ్ళో దాని మొహం చూడని వాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నేనూ అంతే. పిల్లలు స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టాక, మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు పెట్టుకోడానికి చిన్న వెబ్‌సైటు ఒకటి కావాల్సి వచ్చి, ఆ వంకతో పీహెచ్‌పీ నేర్చుకున్నాను. పేరు చూసి భయపడకండి. రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన 1994లో తన సొంత పేజీ కోసం రాసుకున్న చిన్న చిన్న పనిముట్లు అవి. మొదట్లో పేరు కూడా పర్సనల్ హోమ్ పేజ్ అనే. ఇప్పుడు మనం చదివే తెలుగు వికీపీడియా వెనకాల ఉన్నదీ అదే, మా వదినగారి పచ్చళ్ళ సైటు వెనకాల ఉన్నదీ అదే.

వదినగారు అంటే మావారి అక్కగారు. రాజమండ్రిలో ఉంటారు. ఆవిడ పచ్చళ్ళు పెట్టి ఊళ్ళకి పంపుతారు. 2014లో ఆవిడ అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతూ ఆ సైటు తయారుచేసి ఇచ్చాడు. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. వాళ్ళ నాన్నగారు, అంటే మా అన్నయ్యగారు, పోయాక ఆ పచ్చళ్ళ మీద వచ్చేదే ఆవిడ సొంత డబ్బు. కొడుకు పంపుతానంటాడు, ఆవిడ వద్దంటారు. అది వేరే కథ.

పోయిన ఏడాది ఏప్రిల్లో, సరిగ్గా కాయకి బయానా ఇచ్చేసిన వారంలో, హోస్టింగ్ వాళ్ళు చెప్పాపెట్టకుండా పాత పీహెచ్‌పీ 5 తీసేసి 8 పెట్టేశారు. సైటు మొత్తం తెల్లగా అయిపోయింది. తప్పు అని కూడా రాదు, ఉత్త తెల్ల పేజీ. ఎదురింటి కుర్రాడు రెండు వేలు తీసుకుని ఒక్క సాయంత్రంలో తెరిపించాడు. ఆ తర్వాత అసలు తిప్పలు మొదలయ్యాయి. ఒక కంపెనీ వాళ్ళని అడిగితే మొత్తం కొత్తగా కట్టాలి, నలభై వేలు అన్నారట. "సీజనంతా కష్టపడితే నాకు మిగిలేదే అంతుండదమ్మా" అన్నారు వదిన ఫోన్లో. మావారేమో "నీకెందుకు ఆ తలనొప్పి" అన్నారు. నేను మర్నాడు పిల్లల్ని తీసుకుని రైలెక్కాను. ఎలాగూ వేసవి సెలవులే.

వెళ్ళగానే చేసింది ఒకటే. ఫైళ్ళన్నీ జిప్ చేసి, పీహెచ్‌పీమైఅడ్మిన్‌లోంచి డేటాబేస్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నా లాప్‌టాప్‌లో ఒకటి దాచాను. ఇది చేయకుండా ఎవరైనా మీ సైటు మీద చెయ్యి వేస్తానంటే వెయ్యనివ్వకండి.

తెల్ల పేజీ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అందరికీ తగిలేది ఇదే. పార్సిల్ స్లిప్పులు ప్రింటు తీసే పేజీ ఇంకా తెల్లగానే ఉంది. తెల్ల పేజీ అంటే పీహెచ్‌పీ మౌనవ్రతం పట్టిందని కాదు. జనం చూసే సైట్లలో తప్పుల్ని తెర మీద చూపించకుండా సెట్టింగ్ ఆపేసి ఉంచుతారు. అలా ఉంచడమే మంచిది, లేకపోతే దారినపోయే వాళ్ళందరికీ మన ఫైళ్ళ పేర్లూ దార్లూ కనపడతాయి. కానీ అది చెప్పాల్సింది చెప్తూనే ఉంటుంది, ఎర్రర్ లాగ్ అనే ఫైల్లో రాసి పెడుతుంది. హోస్టింగ్ ప్యానెల్లో ఫైల్ మేనేజర్ తెరిస్తే చాలాసార్లు ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. తెరిచి చివరి వరస నుంచి పైకి చదవాలి. ఎదురింటి కుర్రాడు దాన్ని తెరిచిన జాడ లేదు.

ఆ కుర్రాడు చేసిందేమిటో కూడా లాగ్‌లోనే కనిపించింది. డేటాబేస్‌తో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లని 2015 డిసెంబర్లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే పూర్తిగా తీసేశారు. వాటి బదులు మైఎస్‌క్యూఎల్‌ఐ వాడాలి. అతను పేర్ల చివర ఐ తగిలించి, కనెక్షన్‌ని ముందుకు జరిపి, ముఖ్యమైన పేజీలు తెరుచుకోగానే వెళ్ళిపోయాడు. స్లిప్పుల పేజీలో ఇంకో గొడవ ఉంది. ఆ రోజు పార్సిళ్ళు ఎన్నో లెక్కపెట్టే చోట, ఏమీ లేనప్పుడు ఖాళీ జాబితాకి బదులు నల్ వస్తోంది. పాత పీహెచ్‌పీలో నల్‌ని లెక్కపెట్టమంటే సున్నా అని ఊరుకునేది. 8లో అలా కాదు, టైప్ ఎర్రర్ అని అక్కడే ఆగిపోతుంది. ఒక్క వరస మారిస్తే పేజీ వచ్చింది.

ఇక్కడే ఒక మాట. పార్స్ ఎర్రర్ వస్తే అది చెప్పే లైన్ నంబర్ని గుడ్డిగా నమ్మకండి. 42వ లైన్లో తప్పంటుంది, అక్కడ ఎంత వెతికినా ఏమీ ఉండదు. 41 చివర సెమికోలన్ మర్చిపోయి ఉంటుంది. చుక్కల ముగ్గు వేస్తూ మూడో వరసలో ఒక చుక్క తక్కువ పెడితే, తేడా తెలిసేది చివర గీత కలపబోయినప్పుడు కదా. పాత లాగ్‌లో ఒకచోట పామయీం నెకుడోతాయీం అని కనపడితే వదిన కళ్ళద్దాలు సర్దుకుని చూసి "ఇదేదో దేవుడి పేరులా ఉందే" అన్నారు. హీబ్రూ భాషలో రెండు కోలన్లని అలా అంటారట. పీహెచ్‌పీని తిరగరాసిన ఇద్దరు కుర్రాళ్ళు ఇజ్రాయెల్ వాళ్ళు, ఆ మాట అలాగే ఉంచేశారు. మన వాళ్ళు రాసి ఉంటే ఏం పెట్టేవాళ్ళో!

రెండో తంటా, ప్రతి ఆర్డరూ రెండేసిసార్లు పడడం. కిలో కావాల్సిన వాళ్ళకి రెండు కిలోలు రాసి ఉంటున్నాయి. ఆర్డర్ పడ్డాక ధన్యవాదాల పేజీకి పంపాలి, అది పంపడం లేదు. జనం అదే పేజీ చూసి, పడలేదనుకుని మళ్ళీ నొక్కుతున్నారు. లాగ్‌లో "హెడర్స్ ఆల్రెడీ సెంట్" అని వరసగా ఉంది. వేరే పేజీకి వెళ్ళమనే మాట అన్నిటికంటే ముందు వెళ్ళాలి. దానికన్నా ముందు ఒక్క ఖాళీ జాగా బ్రౌజర్‌కి వెళ్ళినా పీహెచ్‌పీ ఇక నా వల్ల కాదంటుంది. అయితే ఆ వార్తలోనే "అవుట్‌పుట్ స్టార్టెడ్ యట్" అని ఒక ఫైలు పేరూ లైన్ నంబరూ ఉంటాయి. చాలామంది అది వదిలేసి మిగతాది చదువుతారు. చూడాల్సింది అదే. మాకు అది సెట్టింగ్స్ ఫైల్లో ఒకటో లైను చూపించింది. తెరిస్తే అక్కడ ఏమీ లేదు, కంటికి. పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు రాసి యూటీఎఫ్-8 అని సేవ్ చేస్తే ఫైలు మొదట్లో బామ్ అనే కనపడని మూడు బైట్లు పెట్టేది. ఆ ఫైల్లో పచ్చళ్ళ పేర్లు తెలుగులో ఉన్నాయి. బామ్ లేకుండా సేవ్ చేస్తే సరిపోయింది. మరి ఇన్నేళ్ళూ ఎలా నడిచిందంటే, పాత సర్వర్లో అవుట్‌పుట్ బఫరింగ్ ఆన్‌లో ఉంది, అంతా పోగుచేసి ఒకేసారి పంపేది. కొత్తదాంట్లో అది ఆఫ్. పనిలో పనిగా, ఉత్త పీహెచ్‌పీ ఉన్న ఫైళ్ళలో చివర మూసే ట్యాగ్ తీసేశాను. దాని తర్వాత మిగిలిపోయే ఖాళీ లైన్లతో కూడా ఇదే గొడవ వస్తుంది.

ఇవి రెండూ డబ్బుకి సంబంధించినవి. వదినకి నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటుంది.

ఆర్డర్ ఫారంలో "ప్రత్యేకంగా ఏమైనా చెప్పాలా" అని ఒక పెట్టె ఉంది. కారం తగ్గించమనీ, ముక్క చిన్నదిగా కొట్టించమనీ, నువ్వుల నూనె వద్దనీ, జనం అందులో తెలుగులోనే రాస్తారు. ఏప్రిల్ నుంచి అక్కడ వరసగా ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. పాపం ఆవిడ, ఫోన్లలో ఏదో నొక్కేస్తున్నారు కాబోలనుకుని మామూలుగానే పంపేశారు. అలా వెళ్ళినవాటిలో పూణేలో ఒక పెద్దావిడకి వెల్లుల్లి ఆవకాయ వెళ్ళింది. వాళ్ళింట్లో వెల్లుల్లి గడప దాటి రానివ్వరు. ప్రతి ఏడూ రాస్తారు, ప్రతి ఏడూ వదిన వేరే జాడీలో కలిపి పంపుతారు. ఆవిడ ఫోన్ చేసి కోప్పడలేదట, "ఈసారి మర్చిపోయావా అమ్మా" అన్నారట. వదిన అది నాకు మూడుసార్లు చెప్పారు.

ఇంకో విచిత్రం, పాత ఆర్డర్లలో ప్రశ్నార్థకాలు లేవు. వాటిలో మరో రకం పిచ్చి అక్షరాలు. నెత్తిన గంటు పెట్టిన ఇంగ్లీషు ఏ, దాని పక్కనే జ్వరం కొలిచే డిగ్రీ గుర్తు, మళ్ళీ ఏదో, మళ్ళీ అదే ఏ. ఇలా కనపడితే సంతోషించండి. అది పాడైన తెలుగు కాదు, తప్పు కళ్ళజోడుతో చూస్తున్న తెలుగు. యూటీఎఫ్-8లో మన ప్రతి అచ్చుకీ, హల్లుకీ, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు. అమ్మ అన్న మాటకే పన్నెండు బైట్లు. ఆ మూడిట్నీ లాటిన్ అక్షరాలుగా విడివిడిగా చదివితే ఆ గంటు ఏలూ డిగ్రీలూ వస్తాయి.

జరిగిందేమిటంటే, టేబుల్ మొదటి నుంచీ లాటిన్-1 అని తయారైంది. పాత కనెక్షన్ కూడా లాటిన్-1 అనే చెప్పుకునేది. తెలుగు బైట్లు లాటిన్ పేరుతో లోపలికెళ్ళి, లాటిన్ పేరుతోనే బయటికొచ్చి, బ్రౌజర్లో తెలుగై కూర్చునేవి. రెండు పక్కలా ఒకే తప్పు కాబట్టి ఎనిమిదేళ్ళు ఎవరికీ తెలియలేదు. కొత్త కనెక్షన్ నిజం చెప్పింది, నేను యూటీఎఫ్-8 అని. దాంతో పాతవి పిచ్చిగా కనపడ్డాయి. కొత్తగా వచ్చిన తెలుగుని పెట్టుకోడానికి లాటిన్ టేబుల్లో చోటు లేక, అక్షరానికో ప్రశ్నార్థకం రాసుకుంది. పాతవి తిరిగొస్తాయి. కొత్తవి రావు. ప్రశ్నార్థకంగా రాసేశాక వెనకాల ఇంకేమీ మిగలదు.

బాగుచేసే దారి ఇది. ఆ కాలమ్‌ని ముందు బ్లాబ్‌గా మార్చాలి, అంటే ఇవి అక్షరాలు కావు, ఉత్త బైట్లు అని చెప్పడం. తర్వాత దాన్ని యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చాలి. నేరుగా లాటిన్ నుంచి మారిస్తే పిచ్చి అక్షరాలే శాశ్వతమైపోతాయి. ఉత్త యూటీఎఫ్8 అని కాకుండా ఎంబీ4 అని ఎందుకంటే, మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8కి అక్షరానికి మూడు బైట్లే హద్దు, ఎమోజీలకి నాలుగు కావాలి. ఆవకాయ ఆర్డర్లో ఎమోజీ లేకుండా ఎవరు రాస్తున్నారీ రోజుల్లో. చివరగా కనెక్షన్ తెరవగానే సెట్ చార్‌సెట్‌తో అదే పేరు చెప్పించాలి. ఇదంతా ముందు నా లాప్‌టాప్‌లోని కాపీ మీద చేసి చూసి, అప్పుడు అసలుది ముట్టుకున్నాను.

మధ్యలో చిన్నవి కొన్ని సర్దాను. ఆర్డర్లన్నీ అయిదున్నర గంటలు వెనక టైముతో పడుతున్నాయి, టైమ్‌జోన్ ఏషియా కోల్‌కతా అని చెప్పకపోతే పీహెచ్‌పీ యూటీసీ అనుకుంటుంది. ఫోన్లో తీసిన ఫోటోలు ఎక్కడం లేదు, మామూలుగా ఫైలుకి రెండు ఎంబీలే హద్దు, ఇప్పటి ఫోన్ల ఫోటో ఒక్కోటీ అంతకి రెట్టింపు. గోవా నుంచి ఒకావిడ ఆర్డర్ అసలు పడలేదు, ఎందుకంటే ఆవిడ ఇంటిపేరు మధ్యలో కోట్ గుర్తు ఉంది. ఇది మాత్రం చిన్నదనుకోకండి. పేరులోని గుర్తు క్వెరీని విరగ్గొట్టగలిగిందంటే, బుద్ధిలేని వాడెవడైనా అదే దారిన లోపలికొచ్చి మొత్తం తుడిచిపెట్టగలడు. అన్ని క్వెరీలూ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లుగా మార్చడానికి ఒక రోజంతా పట్టింది. వదిన పక్కన కూర్చుని వెల్లుల్లి రెబ్బలు వలుస్తూ ఉన్నారు.

ప్రశ్నార్థకాలు మిగిలినవి పదిహేడు. వాటికి ఏ పీహెచ్‌పీ పనికిరాదు. జాబితా రాసిచ్చాను, వదిన ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. "మీరేదో రాశారు, మాకు కనపడలేదండీ, ఇంకోసారి చెప్తారా" అని. పదిహేనుమంది చెప్పారు. ఒకాయన ఏమీ రాయలేదన్నారు, రాశారని మాకు తెలుసు. ఒకావిడ నంబరు పనిచేయలేదు. పూణే ఆవిడకి వెల్లుల్లి లేని జాడీ మర్నాడే వెళ్ళింది, డబ్బు వద్దని.

పాతవి మార్చిన రాత్రి టేబుల్ మొదటి నుంచీ చూసుకుంటూ వస్తున్నాను, అన్నీ సరిగా వచ్చాయా అని. ఒకటో నంబరు ఆర్డర్ మా అన్నయ్యగారిది. కొడుకు సైటు తయారుచేశాక, పనిచేస్తుందో లేదో చూడడానికి పక్కగదిలో కూర్చుని ఒక వేలితో కొట్టినట్టున్నారు. అడ్రసు వాళ్ళిల్లే. కాయావకాయ, అరకిలో. ప్రత్యేకంగా చెప్పాల్సిన పెట్టెలో "కలిపిన చేత్తోనే ముద్ద పెట్టి పంపవలెను" అని ఉంది.

వదినని పిలిచి చూపించాను. చదివి, "ఈయనొకరు" అన్నారు. కాసేపు అలాగే నిలబడి, ఇది తీసెయ్యకమ్మా అన్నారు. పరీక్ష ఆర్డర్లు తీసెయ్యడం మంచి అలవాటే కానీ, ఆ ఒక్కటీ అలాగే ఉంది, పెండింగ్ అని.