గని ఊళ్లో తెల్ల పరికిణీలు

ఇంగ్లండ్‌కు ఈశాన్య మూలన, ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న ఈసింగ్టన్ కాలరీ అనే చిన్న ఊరు రెండుసార్లు పత్రికలకెక్కింది. మొదటిసారి 1951 మే 29న. ఆనాటి గని పేలుడులో 83 మంది ప్రాణాలు పోయాయి. వారిలో రక్షించబోయి పోయినవారు ఇద్దరు. రెండోసారి 2000లో. స్టీఫెన్ డాల్డ్రీ తీసిన 'బిల్లీ ఇలియట్'లో కనిపించే వీధులు ఈ ఊరివే. కథలో ఊరి పేరు మార్చారంతే. 1984-85 గని కార్మికుల సమ్మె కాలంలో, బాక్సింగ్ నేర్చుకోవడానికి వెళ్లిన పదకొండేళ్ల కుర్రాడు పక్కనే జరుగుతున్న బ్యాలే క్లాసులోకి జారుకోవడమే కథ. సినిమా తర్వాత ఉత్తరాది గని ఊరు, బ్యాలే అనగానే అందరి కళ్లముందూ ఆ కుర్రాడే మెదులుతున్నాడు.

కానీ అతడు అడుగుపెట్టేనాటికే ఆ హాల్లో క్లాసు నడుస్తోంది. పది పన్నెండు మంది ఆడపిల్లలు తెల్ల టూటూలు తొడుక్కుని, కర్ర పట్టుకుని వరుసగా నిలబడి ఉన్నారు. మామూలుగా వాళ్లు నేర్చుకునే చోటును సమ్మె వంటశాలకు ఇచ్చేశారు కాబట్టే బాక్సింగ్ హాల్లోకి వచ్చారు. సినిమా పోస్టరు మీద ఆ పిల్లలు నేపథ్యం మాత్రమే. వారిలో ఒకరికి, అంటే టీచరమ్మ కూతురికి, నాలుగు మాటలు దక్కాయి. మిగతావారికి పేర్లు కూడా గుర్తుండవు. గని ఊళ్లో మగపిల్లవాడు బ్యాలే నేర్వడం వార్త అయింది. ఆడపిల్లలు నేర్వడం మామూలు విషయం. అందుకే దాని గురించి ఎవరూ రాయలేదు. అయితే ఆ మామూలు విషయమే లేకపోతే బిల్లీకి చూడటానికి క్లాసే ఉండేది కాదు.

బిల్లీ పాత్ర వేసిన జేమీ బెల్ జీవితమే ఇందుకు సాక్ష్యం. అతడిదీ ఈశాన్య ఇంగ్లండే, బిల్లింగ్‌హామ్ పట్టణం. ఇంట్లో ఆడవాళ్లు నాట్యం నేర్చినవారు. అక్కను బ్యాలే క్లాసుకు దిగబెట్టడానికి వెళ్లి, అక్కడే కాచుకుని కూర్చునే క్రమంలో అతడికి ఆ అడుగులు పట్టుబడ్డాయి. బడిలో తోటివాళ్లకు చాలాకాలం చెప్పలేదు కూడా. 2001లో బ్రిటిష్ అకాడమీ ఉత్తమ నటుడి పురస్కారం అతడికి వచ్చింది. అక్క ప్రస్తావన ఇంటర్వ్యూల్లో ఒక వాక్యానికి మించి సాగదు.

టూటూ అంటే చూసేవారికి నవ్వులాటే. పళ్లెంలా నడుం చుట్టూ నిలబడే ఆ పొట్టి పరికిణీని మగవాడికి తొడిగితే చాలు, బ్రిటిష్ హాస్య కార్యక్రమాల్లో సగం పని అయిపోతుంది. 'బిల్లీ ఇలియట్'లోనూ బిల్లీ స్నేహితుడు అది తొడుక్కుంటాడు, హాలంతా నవ్వుతుంది. పెద్దవాడైన బిల్లీ చివర్లో రంగస్థలం మీద ఎగిరేది మాథ్యూ బోర్న్ 1995లో రూపొందించిన 'స్వాన్ లేక్'లో. అందులో మగ హంసలకు టూటూ ఉండదు, ఈకల నిక్కర్లు ఉంటాయి. అంటే విజయం దక్కేసరికి టూటూ తెరమరుగైపోయింది.

నిజానికి ఆ పరికిణీకి, బొగ్గుకు ఉన్న బంధుత్వం చాలా పాతది. అంత హాయిగొలిపేదీ కాదు. 1832లో పారిస్ ఒపేరాలో మరీ టాగ్లియోనీ 'లా సిల్ఫీడ్' ఆడినప్పుడు పిక్కల దాకా జారే పల్చటి తెల్ల పరికిణీకి పేరొచ్చింది. అది మంచుతెరలా మెరిసింది గ్యాస్ దీపాల వెలుగులో. ఆ గ్యాస్ బొగ్గును వేడిచేసి తీసిందే. అదే దీపాలు నర్తకులను బలి తీసుకున్నాయి కూడా. 1862 నవంబరులో రిహార్సల్ సమయంలో ఎమ్మా లివ్రీ అనే యువ నర్తకి పరికిణీకి మంట అంటుకుంది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి ఆమె చనిపోయింది. మంట అంటకుండా మందు పట్టించిన బట్ట అప్పటికే ఉంది. బిరుసుగా, మాసినట్టు కనిపిస్తుందని ఆమె వద్దంది. అందం కోసం అంత మూల్యం చెల్లించిన దుస్తులను నవ్వులాట వస్తువుగా చూడటం అన్యాయమే. పిక్కల దాకా ఉన్న పరికిణీ క్రమంగా పొట్టిదైంది కూడా పాదాల పనితనం ప్రేక్షకుడికి కనిపించాలనే.

మామూలు వారాల్లో పిల్లలు టూటూ తొడగరు. బిగుతైన లియోటార్డు, మేజోళ్లు, మెత్తటి బూట్లు, అంతే. సినిమాలో ప్రతి క్లాసులోనూ టూటూలు కనిపించడం తెర కోసం చేసిన అలంకారం. 1920లో లండన్‌లో మొదలైన సంస్థ ఇప్పటి రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్. దాని గ్రేడు పరీక్షలే చిన్న ఊళ్ల క్లాసులకు క్యాలెండరు. బయటి నుంచి వచ్చే పరీక్షకురాలి ముందు లండన్ పిల్లయినా, గని ఊరి పిల్లయినా చేయాల్సింది ఒకే అభ్యాసం. తండ్రి పనిచేసే గని మూతపడినా, ఆ సర్టిఫికెట్ విలువ తగ్గదు.

ఏడాదికోసారి వచ్చే ప్రదర్శనకు మాత్రం టూటూ కావాలి. పది పన్నెండు పొరల నెట్ బట్టను కుచ్చులు పోసి, ఒకదానికొకటి చేతికుట్లతో పట్టి నిలపాలి. దొంతరగా పెడితే అణిగిపోతుంది కనుక తలకిందులుగా వేలాడదీయాలి. ఉతికితే పాడవుతుంది. చెమట వాసన పోవడానికి వోడ్కా చిలకరించడం రంగస్థలం వాళ్ల పాత చిట్కా. చిన్న ఊళ్లలో ఇదంతా తల్లుల పని. కుట్టేది, బట్ట కొనడానికి లాటరీ టికెట్లు అమ్మేది, మేకప్ వేసేది వారే. 1984లో డర్హం గని ఊళ్లలో సమ్మె వంటశాలలు నడిపిందీ ఇలాంటి ఆడవాళ్లే. ఆ వంటశాలలు చరిత్ర పుస్తకాల్లోకెక్కాయి. కుట్టుపనికి ఆ గౌరవం రాలేదు.

ఇక హాలు సంగతి. 1920 నాటి గనుల చట్టం ప్రకారం తవ్విన ప్రతి టన్ను బొగ్గుకూ యజమానులు ఒక పెన్నీ చొప్పున సంక్షేమ నిధికి కట్టాల్సి వచ్చింది. బ్రిటన్ బొగ్గు ప్రాంతాల్లో వెల్ఫేర్ హాళ్లు, గ్రంథాలయాలు, ఆటస్థలాలు ఆ డబ్బుతో లేచినవే. బ్యాండు మేళం, బాక్సింగ్, వృద్ధుల భోజనాలు, పిల్లల నాట్యం, అన్నీ ఒకే కప్పు కింద. సింగరేణి కాలనీల్లో పెరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కళ అంటే లండన్ సొత్తనుకునే వారు గుర్తుంచుకోవాల్సింది ఆ పెన్నీనే. పిల్లల కాళ్ల కింది చెక్కనేలకు మూలధనం వారి తాతలు భూగర్భంలో పడిన కష్టం.

1993లో ఈసింగ్టన్ గని మూతపడింది. 1,400 ఉద్యోగాలు పోయాయి. గని పోయాక హాళ్లకు నిర్వహణ ఖర్చు భారమైంది. 2010 తర్వాత స్థానిక సంస్థల బడ్జెట్లకు కోతలు పడటంతో బరువు మరింత పెరిగింది. బిల్లీ కథ మాత్రం 2005లో సంగీత నాటకమై లండన్‌లో 2016 దాకా ఆడింది. సినిమాలో బిల్లీ ఇల్లున్న ఆల్నిక్ స్ట్రీట్‌ను అంతకుముందే, 2003లో, కూల్చేశారు.

టూటూ పైభాగంలో వీపు వెనక కొక్కీలు ఒక్క వరుసలో ఉండవు, రెండు మూడు వరుసలుంటాయి. ఈ ఏడాది తొడిగిన పిల్ల వచ్చే ఏడాదికి లావైనా, పొడుగై అది వేరొకరికి పోయినా సరిపోవాలని. పెద్ద కంపెనీల్లోనూ అదే పద్ధతి. గని ఊళ్లో అయితే ఆ రెండో వరుస ఎప్పుడూ ఖాళీగా ఉండదు. అక్క విప్పితే చెల్లెలు, చెల్లెలు విప్పితే పక్క వీధి పిల్ల.