వానెలిసినంక ఏ ఎర?

నాది నల్గొండ అనగానే క్లాసులో అందరూ ఫ్లోరైడ్ గురించే అడుగుతారు. చేపల గురించి ఒక్కరూ అడగరు. అందుకే అడగకపోయినా చెప్తున్నా.

యూట్యూబ్‌లో అమెరికావాళ్లు వాన తగ్గినంక, పడవలు కట్టేసే చెక్క వేదికల కింద బాస్ చేపకు రకరకాల లూర్లు విసురుతుంటారు. మనకు బాస్ లేదు, ఆ వేదికలూ లేవు. కొర్రమట్ట ఉంది, తూము ఉంది. కొర్రమట్ట అంటే కొరమీనే, 2016లో మన రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. తూము రాతిగోడ నీడ, పక్కన తుంగ, తామరాకులు, వానకు బయటికొచ్చిన కప్పలు: మాటేసే చేపకు ఇంకేం కావాలె?

మా చిన్నాయన ఎర్రలు, బతికున్న కప్పపిల్ల తప్ప దేన్నీ నమ్మడు. నా రబ్బరు కప్పను చూసి "గీ పిలాస్టిక్‌ను ఏ పిచ్చి చేప మింగుతదిరా?" అన్నడు. కానీ దాని గాలాల మొనలు వీపుకు ఆనుకొని ఉంటాయి, తామరాకుల మీంచి లాగినా చిక్కుకోవు. నీళ్లు చాయ్ రంగుకు తిరిగినప్పుడు నేను నల్ల కప్పే కడతా. కిందినుంచి చూసే చేపకు, వెలుగున్న ఆకాశం మీద నల్లటి ఆకారమే బాగా కనబడుతుంది. కళ్లు పనిచెయ్యకపోయినా, ఒంటి పక్కల మీద గీతలాగా ఉండే అవయవం నీటి కదలికను పట్టేస్తుంది. (మన ల్యాబ్ సెన్సర్ల కన్నా నయం.) అందుకే రెండు చిన్న గుంజులు గుంజి, కాసేపు ఆపాలె. ఎక్కడ వెయ్యాలో చేపే చెప్తుంది. గాలి పీల్చడానికి అది పైకి రాక తప్పదు, గుటుక్కుమని బుడగ లేస్తుంది.

అసలు పేచీ వేరే. వానాకాలంలోనే ఇది పిల్లలను పెడుతుంది. నీటిమీద ఎర్రగా గుంపు కదులుతుంటే కింద పెద్ద చేప కాపలా ఉన్నట్టే. అప్పుడు ఏ కప్ప వేసినా కొడుతుంది, ఆకలితో కాదు, కోపంతో. దాన్ని పట్టేస్తే ఆ పిల్లలు మిగతా చేపల పాలు. ప్రభుత్వం చెరువుల్లో వదిలేది ఎక్కువగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలే. కొర్రమట్ట తన పిల్లలను తానే పెంచుకోవాలె.

"నువ్వు ఇడిశిపెడితే వలోడు ఇడుస్తడా?" అంటడు చిన్నాయన. దానికి నా దగ్గర జవాబు లేదు.

మొన్న సెలవుల్లో తూము పక్కన్నే ఎర్రగుంపు కనబడ్డది. నేను దారం చుట్టేసిన. చిన్నాయన ఒప్పుకోలేదు, కాదనలేదు. ఇరవై అడుగులు పక్కకు జరిగి, ఎర్ర గుచ్చి పరకలకు వేసిండు. ఆ రాత్రి ఇంట్ల పరకల పులుసే.